సందేశము చెప్పని రాయబారి

పాత కథను మఱల చెప్పుట తప్పే యైనచో మన భాషలో సాహిత్యమే లేదు. వ్యాసుని భారతమును మన కవులు మువ్వురు తెలుగున చెప్పిరి. ఆదిపర్వములోని శకుంతల కథకు కాళిదాసు దుర్వాసుని శాపమును, ఉంగరమును జోడించి నాటకము చేసెను. ఆ మార్పువలన దుష్యంతుడు బుద్ధిపూర్వకముగా మాట తప్పినవాడు గాక, మఱచి, పిదప పరితపించినవాడయ్యెను. కావున ఒక కృతిని తిరుగ నిర్మించిరనుటయే దోషము కాదు. తిరుగ చెప్పినవాడు మూలములో దేనిని నిలిపెను, దేనిని విడచెను, విడచినదానికి బదులు మన కేమి యిచ్చెను అని విచారించుటయే విమర్శకుని పని.

ఈ విచారమును మేము రెండు అమెరికా చలనచిత్రములను గూర్చి చేయదలచితిమి. రెండింటి పేరును ఒకటియే: ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’, అనగా, భూమి నిలిచిపోయిన దినము. మొదటిది 1951లో రాబర్ట్ వైజ్ దర్శకత్వమున వెలువడినది. రెండవది 2008లో స్కాట్ డెరిక్సన్ దర్శకత్వమున వచ్చినది. రెండును ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ సంస్థవే. మొదటిదానిని అమెరికావారు 1995లో తమ జాతీయ చిత్రపట్టికలో చేర్చి భద్రపఱచుకొనిరి. రెండవదానికి సుమారు 8 కోట్ల డాలర్లు వ్యయము కాగా లోకమంతటను 23 కోట్లకు పైగా వసూలయ్యెనట. కాబట్టి నిర్మాతలకు ధననష్టము కలుగలేదు. నష్టము వేఱొకచోట కలిగినది. మనుష్యుడు మాటచేత మాఱగలడా, మాఱలేడా అను ప్రశ్న యీ రెండు చిత్రములకును మూలకందము. మొదటిది ఆ ప్రశ్నను మన ముందు పెట్టినది; రెండవది మన చేతినుండి లాగుకొనినది. మా ఆక్షేపణ యంతయు ఇదియే.

మొదటి చిత్రము వెలువడిన కాలమును ముందుగా తలచుకొనవలెను. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడెను. 1949లో సోవియట్ రష్యాయు అణుబాంబును పరీక్షించెను. 1950 జూన్ నెలలో కొరియా యుద్ధము మొదలయ్యెను; చిత్రము తెఱమీదికి వచ్చునాటికి అది యింకను సాగుచునే యుండెను. ఇరుగుపొరుగువారిని సైతము శత్రువుల గూఢచారులని అమెరికావారు శంకించుచుండిన దినములవి. అట్టి దినములలో, శత్రువులనబడువారిని గూడ పిలిచి ఒక్కచోట కూర్చుండబెట్టి మంచి మాట చెప్పవలెనని వచ్చిన అపరిచితుని కథను లాభాపేక్షగల ఒక సంస్థ తీయుట చిన్న సాహసము కాదు.

ఆ చిత్రమును ఒక మూలమునుండి పుట్టినదే. హారీ బేట్స్ అను రచయిత 1940లో ప్రకటించిన చిన్న కథ దానికి ఆధారము. ఆ కథలో పరలోకమునుండి వచ్చిన క్లాటూ దిగిన వెంటనే ఒక ఉన్మాదిచేత హతుడగును. పిదప కథ యంతయు కదలక నిలిచిన యంత్రపురుషుని చుట్టును తిరుగును. ఎవరు సేవకుడో, ఎవరు యజమానియో అను చమత్కారముతో ముగియును. చిత్రకథను వ్రాసిన ఎడ్మండ్ నార్త్ ఆ కథనుండి రాక, యంత్రపురుషుడు, మరణము, పునరుజ్జీవనము అను నాలుగింటిని మాత్రము గైకొని తక్కినదంతయు క్రొత్తగా అల్లెను. మూలమునుండి యింత దూరము పోయినను చిత్రము చెడలేదు. ఏలయన విడచిన చమత్కారమునకు మాఱుగా ఒక గొప్ప భావమును నిలిపెను. ఆ భావము రాయబారము.

రాయబారమనగానే తెలుగువారికి ఉద్యోగపర్వము జ్ఞప్తికి రాకమానదు. కృష్ణుడు హస్తినకు పోయి, సభలో నిలిచి, సంధియొక్క మేలును యుద్ధముయొక్క కీడును విప్పి చెప్పెను. వినక తన్ను బంధింపజూచినవారికి విశ్వరూపమును చూపెను. అంతటి శక్తి కలిగియు ఆ సభను అక్కడనే భస్మము చేయక మరలిపోయెను. నిర్ణయమును కౌరవులకే విడిచెను. రాయబారముయొక్క ధర్మమిది: సందేశమును దాచక చెప్పవలెను, శక్తి కలదని తెలుపవలెను, తెలిపి, ఎంచుకొను భారమును విన్నవారికే విడువవలెను. శస్త్రములెత్తినను దూత తన ప్రభువు చెప్పిన మాటను చెప్పియే తీరవలెనని కౌటిల్యుడును విధించెను. ఎడ్మండ్ నార్త్ మన గ్రంథములను చదివెనని మేము చెప్పుటలేదు. కాని ఆయన చిత్రించిన క్లాటూ ఈ లక్షణమునకు అక్షరాల సరిపోవుచున్నాడు.

కథ చదువరులందఱకు తెలియకపోవచ్చును గాన క్లుప్తముగా చెప్పుదుము. పళ్లెరమువంటి ఒక వ్యోమనౌక వాషింగ్టను నగరములో బంతియాట మైదానముపై దిగును. అందుండి క్లాటూ బయటికి వచ్చి, శాంతికొఱకు వచ్చితినని చెప్పుచు అంగరఖాలోనుండి ఒక వస్తువును తీయును. బెదరిన సైనికుడొకడు తుపాకి కాల్చును. విఱిగి నేలబడిన యా వస్తువు, ఇతర గ్రహములలోని జీవనమును తెలిసికొనుటకై దేశాధ్యక్షునికి తెచ్చిన కానుక యని క్లాటూ చెప్పినప్పుడు చూచువారికి సిగ్గు కలుగును. ఒక్క మాటయైన నిందలేదు. ఆ సిగ్గే నింద. ఆస్పత్రిలో క్లాటూ కోరినది ఒక్కటియే: సర్వదేశముల ప్రతినిధులను ఒక్కచోట కూర్పుడు, అందఱకును ఒకేమాఱు చెప్పవలెను. సభ యెక్కడ జరుగవలెనను కలహముతోనే ఆ ప్రయత్నము ముగియును. అంతట నతడు ఆస్పత్రినుండి తప్పించుకొని, మనుష్యులెట్టివారో తెలిసికొనుటకై, కార్పెంటర్ అను పేరుతో ఒక పూటకూళ్ల యింట గది తీసికొనును.

అక్కడినుండి చిత్రము మిక్కిలి మెత్తగా నడచును. ఆ యింటనే హెలెన్ బెన్సన్ అను ఉద్యోగిని తన కుమారుడు బాబీతో కాపురముండును. ఆమె భర్త గత మహాయుద్ధములో మరణించినవాడు. బాలుడు క్లాటూను తండ్రి సమాధియున్న ఆర్లింగ్టను శ్మశానమునకు కొనిపోవును. వరుసలు వరుసలుగా నున్న రాళ్లను చూచి, వీరందఱును యుద్ధములలో చచ్చినవారేనా యని అతిథి విస్మయపడును. పిదప లింకన్ స్మారకమందిరములో గోడమీది వాక్యములను చదివి, ఇట్టివానితో మాటలాడవలెనని కోరుకొనును. నేడున్నవారిలో గొప్ప బుద్ధిశాలి యెవ్వడని యడుగగా, బాలుడు ఆచార్య బార్న్‌హార్ట్ పేరు చెప్పును. ఇచ్చట నవ్వునకును చోటు కలదు. బాబీకి రెండు వజ్రములిచ్చి అతనివద్ద రెండు డాలర్లు తీసికొనుట. ఇతని జాతివారు నూటముప్పది యేండ్లు బ్రదుకుదురని ఆశ్చర్యముతో చెప్పుకొనుచు వైద్యులు సిగరెట్లు ముట్టించుకొనుట. ఇట్టి చిన్న సంగతులలో మన దోషములు మనకు కనబడును. కన్నెఱ్ఱ చేసి చెప్పినదానికంటె నవ్వుచు చూపినది లోతుగా దిగునని ప్రహసనములను వ్రాసిన మన సంస్కర్తలు లెస్సగా ఎఱుగుదురు.

చిత్రమునకు పేరిచ్చిన ఘట్టము తరువాత వచ్చును. మాట వినుటకు లోకము సిద్ధముగా లేదు గనుక, ఎవ్వరికిని హాని లేకుండ శక్తిని చూపవలెనని బార్న్‌హార్ట్ కోరును. పిదప వాషింగ్టనులో సరిగా మధ్యాహ్నము 12 గంటలకు లోకమంతటను విద్యుచ్ఛక్తి ఆగిపోవును. బండ్లు, మగ్గములు, రైళ్లు, మరలు నిలిచిపోవును. అరగంట గడువగానే అన్నియు మఱల కదలును. ఆ అరగంటలో ఆస్పత్రులును, ఆకాశములో ఎగురుచున్న విమానములును మాత్రము ఆగలేదు. ఈ రెండు మినహాయింపులే ఆ చిత్రమునకు ప్రాణమని మా తలంపు. భూమిని నిలుపగలిగినవాడు శస్త్రవైద్యుని బల్లమీది రోగిని మఱువలేదు. శక్తితోగూడ నిగ్రహము కలదని, నిగ్రహములో దయ కలదని, ఒక్క ఉపన్యాసమైన లేకుండ తెలిసిపోవును. విశ్వరూపమును చూపి దానిని ఉపసంహరించుట యనగా నిదియే.

పిదప హెలెన్‌ను పెండ్లాడదలచిన టామ్ స్టీవెన్స్ అనువాడు కీర్తికాముడై క్లాటూను సైన్యమునకు పట్టియిచ్చును. ఆ పనివలన లోకమునకు ముప్పు కలుగునని ఆమె చెప్పినను అతడు లెక్కచేయడు. ఆమె ఆ సంబంధమును అక్కడనే త్రెంచుకొనును. క్లాటూ వీథిలో కాల్పులకు గుఱియై పడిపోగా, అతడు ముందుగా నేర్పిన మూడు మాటలను మనసున నిలుపుకొని, భయముతో వణకుచు, గోర్ట్ అను ఏడడుగులకు మించిన యంత్రపురుషుని యెదుట నిలిచి పలుకును. ఆ మాటలతో లోకము బ్రదుకును. తుదకు బ్రదికివచ్చిన క్లాటూ, బార్న్‌హార్ట్ పిలుపున నౌకవద్ద చేరిన నానాదేశ శాస్త్రజ్ఞుల యెదుట తన సందేశమును చెప్పును: మీ కలహములు మీవి, కాని మీ హింసను ఇతర గ్రహములకు తెచ్చితిరేని మీకు నాశము తప్పదు, నిర్ణయము మీది. చెప్పి, ప్రత్యుత్తరమునకై కాచుకొనియుండక వెడలిపోవును.

ఈ చిత్రము నిర్దోషమని మేము చెప్పుటలేదు. హింసను అణచుటకు తిరుగులేని యధికారమును యంత్రపురుషులకు అప్పగించితిమని క్లాటూ చెప్పు మాటను శాంతికాముకులు ఒప్పుకొనజాలరు. భయముచేత నిలిచిన శాంతి శాంతియేనా? తన తీర్పును తాను తిరుగదిద్దుకొనలేని రక్షకభటుని చేతిలో లోకమును పెట్టుట క్షేమమా? ఈ ప్రశ్నలు చిత్రమును చూచిన వారిని నాటినుండి వెంటాడుచునే యున్నవి. కాని గమనింపుడు: సందేశము స్పష్టముగా చెప్పబడినది గనుకనే దానితో మనము వాదింపగలుగుచున్నాము. ఇంటికి వచ్చి భోజనముకడ కూర్చుండి తండ్రియు కుమార్తెయు ఆ మాటను ఇటునటు త్రిప్పి చర్చింపవచ్చును. మంచి రాయబారము విన్నవారిని వాదమునకు పిలుచును.

ఇక 2008లో వచ్చిన చిత్రము. ఇందులో మనుష్యుల నేరము మాఱినది. అణుయుద్ధమునకు మాఱుగా, భూమిని పాడుచేయుట నేరమైనది. ఈ మార్పును మేము హృదయపూర్వకముగా ఆమోదింతుము. వాతావరణ విషయములను పరిశీలించుటకై నానాదేశముల ప్రభుత్వములు కలిసి 1988లో ఏర్పఱచిన సంఘమునకు, ఆల్ గోర్‌తో గూడ, 2007లో నోబెల్ శాంతి బహుమానము వచ్చియుండెను. చిత్రము దాని మఱుసటి సంవత్సరమే వెలువడినది. లోకము వినుటకు సిద్ధముగా నుండిన సమయమది. కాళిదాసు శాపమును చేర్చినట్లు, ఇక్కడను ఒక్క మార్పుతో పాత కథకు క్రొత్త జీవము పోయవచ్చునని ఆశించిన వారిలో మేమును ఒకరము. ఆశ యెంత న్యాయమైనదో నిరాశయు అంత పెద్దది.

కథ 1928లో, భారతదేశపు కారకోరం పర్వతములలో ఆరంభమగును. మంచులో ఒక పర్వతారోహకునికి వెలుగుచున్న గోళమొకటి కనబడును; అతని శరీరమునుండి గ్రహించిన బీజమునుండియే పిదప క్లాటూ మనుష్యరూపము ఏర్పడును. మన దేశముతో మొదలైనదని సంతసింపబోయినవారికి ఆ సంతోషము నిలువదు. మంచుకొండ తప్ప మన దేశముగాని, ఇచ్చటి మనుష్యుడుగాని ఆ కథలో లేరు. తరువాత ఒక పెద్ద గోళము న్యూయార్కు నగరములోని సెంట్రల్ పార్కులో దిగును. ఇక్కడను తుపాకి ప్రేలును. ఇక్కడను ఆస్పత్రి, విచారణ, పలాయనము కలవు. క్లాటూ సర్వదేశ ప్రతినిధులతో మాటలాడవలెనని ఒక్కమాఱు కోరును. రక్షణశాఖ మంత్రిణి కాదనును. అంతే, ఆ కోరికను అతడు మఱల తలపెట్టడు.

చదువరులు ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. 1951లోని క్లాటూకు సభ దొరకలేదు. పూటకూళ్ల యింట వెదకెను, బాలుని అడిగెను, ఆచార్యుని నల్లబల్లమీద సమీకరణమును దిద్ది అతని పరిచయము సంపాదించెను, తుదకు తన సభను తానే కూర్చుకొనెను. 2008లోని క్లాటూ, చాలకాలముగా భూమిమీద మనుష్యరూపమున నివసించుచున్న తనవాని నొక్కని మెక్డొనాల్డ్స్ అల్పాహారశాలలో కలిసికొని, మనుష్యులు మాఱరని అతడు చెప్పిన మాటను విని, సంహారమునకు ఆజ్ఞ యిచ్చును. ఎవ్వరి నేరమును విచారించుచున్నారో వారికి నేరమేదో తెలుపలేదు, మాఱుటకు గడువిచ్చుటలేదు. తాను వచ్చినది భూమిని రక్షించుటకని అతడు హెలెన్‌తో చెప్పును. ఎవరినుండి రక్షించుట యన్నది ఆమెకు ఆలస్యముగా బోధపడును. బొగ్గును గూర్చిగాని, నూనెను గూర్చిగాని, అడవులను గూర్చిగాని, ఏది మానవలెను, ఏది చేయవలెను అని ఒక్క ముక్కయైన చిత్రములో లేదు. పాఠము చెప్పక పరీక్ష పెట్టి, అందఱు తప్పిరని బడి తగులబెట్టు ఉపాధ్యాయుని మేమెక్కడను చూడలేదు.

కనికరము కలిగిన విధము ఇంకను విచారింపదగినది. బార్న్‌హార్ట్ పాత్రను జాన్ క్లీజ్ ధరించెను. ఉన్నంతసేపు ఇంపుగా నటించెను. వినాశపు అంచున నిలిచినప్పుడే జాతులు మాఱునని అతడు చేయు వాదము ఈ చిత్రములోని ఒకేయొక మంచి వాదము. కాని ఆ ఆచార్యుడే, సైనికులు తఱుముకొని వచ్చినప్పుడు, క్లాటూ మనసును తర్కముచేత గాక నీ స్వభావముచేత మార్చుమని హెలెన్‌తో చెప్పును. అనగా మాటవలన ప్రయోజనము లేదని విద్వాంసుడే ఒప్పుకొనెను. తరువాత శ్మశానములో, చనిపోయిన తండ్రిని బ్రదికింపుమని బాలుడు క్లాటూను వేడుకొనును. అది సాధ్యము కాదని తెలిసి దుఃఖించును. సవతితల్లియైన హెలెన్ వచ్చి అతనిని కౌగిలించుకొనును. ఇది చూచి క్లాటూ మనసు కరగును. బాలునిగా నటించిన జేడెన్ స్మిత్, హెలెన్‌గా నటించిన జెనిఫర్ కానలీ ఆ ఘట్టమును లోపము లేకుండ నడపిరి. కన్నీరు బూటకము కాదు. లోపము తీర్పులో నున్నది. తనవారిని ప్రేమించుట మనుష్యులకు చేతగాదని ఎవరనిరి? పెద్దపులియు తన పిల్లను ప్రేమతో నాకును. అణుబాంబును చేసినవారును, అడవులను నఱికించినవారును ఇంట తమ బిడ్డలను ముద్దాడినవారే. మన కొఱత ఇంటిలోపలి ప్రేమయందు లేదు. అది గడప దాటకపోవుటయందున్నది. పాత చిత్రములో పరీక్ష సరిగా అక్కడ పెట్టబడినది: ముక్కుమొగము తెలియని అతిథికి ఆ తల్లియు బిడ్డయు చూపిన ఆదరమే మనుష్యజాతి తరపున పలికిన సాక్ష్యము. క్రొత్త చిత్రము ఆ సాక్ష్యమును ఇంటి నాలుగు గోడలలోనికి కుదించినది.

హెలెన్ పాత్రను గూర్చి మన పాఠకురాండ్రు ప్రత్యేకముగా ఆలోచింపవలసియున్నది. 1951లో ఆమె చిన్న యుద్యోగిని. 2008లో ఆమె ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములో ఇతర గ్రహముల జీవరాశిని పరిశోధించు శాస్త్రజ్ఞురాలు. స్త్రీకి విద్యయు పదవియు పెరిగినవని చూచి ముందుగా మేము సంతోషించితిమి. కాని పదవి పెరిగినకొలది ఆమె పని తగ్గిపోయినది. ఆరంభములో, మత్తుమందు ఎక్కింపుమని ఆజ్ఞాపింపగా దానికి బదులు ఉప్పునీటిని ఎక్కించి క్లాటూను తప్పించుట ఆమె చేసిన మంచి సాహసము. ఆ తరువాత ఆమె కారు నడపును, వేడుకొనును, ఏడ్చును. ఆమె నేర్చిన శాస్త్రము కథలో ఒక్క ముడినైన విప్పదు. ఆనాటి హెలెన్ చదువు లేకయు, తనకు మేలగు సంబంధమును వదలుకొని, యంత్రపురుషుని యెదుట నిలిచి తన నోటిమాటచేత లోకమును నిలిపినది. స్త్రీకి బిరుదును ఇచ్చి నిర్ణయమును లాగుకొనుట గౌరవము కాదని, సభలలో వేదికపై కూర్చుండబెట్టి నోరు మెదపనీయని మర్యాదలను ఎఱిగిన మన సోదరీమణులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

గోర్ట్ విషయమును శీఘ్రముగా ముగింతుము. పాత గోర్ట్ రబ్బరు ఉడుపు తొడిగిన పొడగరి. దగ్గఱగా చూచినచో మడతలు కనబడును. అయినను అతడు కదలక నిలిచియుండుటలోనే భయము కలదు. బెర్నార్డ్ హెర్మన్ సమకూర్చిన సంగీతములోని థెరెమిన్ వాద్యములు, చేయి తాకకయే మ్రోగునవి, ఆ భయమునకు తగిన గొంతునిచ్చినవి. క్రొత్త గోర్ట్ గోపురమంత యెత్తుండి, పిదప కోట్లకొలది లోహపు పురుగులుగా విచ్చిపోయి, దారిలోని లారీని, క్రీడామైదానమును భక్షించును. చూచుటకు వింతగా నున్నమాట నిజమే. కాని కదలక నిలిచినది మనలను ఆలోచింపజేయును. అన్నిటిని తినుచు పోవునది ఆలోచనకు తీరిక యీయదు. క్లాటూగా నటించిన కియానూ రీవ్స్‌పైన తప్పు మోపుట న్యాయము కాదు. మొగమున ఏ భావమును కనబఱపవలదని దర్శకుడు విధించినట్లు తోచును, అతడు విధేయుడయ్యెను. 1951లో మైకేల్ రెనీ మొగములో అతిథియొక్క కుతూహలమును, పెద్దమనిషియొక్క ఓరిమియు, అప్పుడప్పుడు చిఱునవ్వును కలవు. లోకమును నాశనము చేయగలవాడు చిఱునవ్వు నవ్వినప్పుడు, అతనికి మనమీద ఇంకను ఆశ కలదని తెలియును.

ముగింపులో క్రొత్త క్లాటూ ఆ పురుగుల వానలో నడచిపోయి, తన్ను తాను బలియిచ్చి, సంహారమును ఆపును. ఆ త్యాగమును మేము తక్కువ చేయము. కాని దానికి వెలగా భూమిమీది విద్యుచ్ఛక్తి యంతయు ఆగిపోవును. అరగంటకు కాదు, ఇక శాశ్వతముగా. భూమి నిలిచిపోయిన దినమను పేరు అక్కడ సార్థకమైనదని వారి యభిప్రాయము. ఆస్పత్రిలో శ్వాసయంత్రముమీద నున్న శిశువు గతి యేమి? ఆకాశములోని విమానముల గతి యేమి? ఏబదియేడు సంవత్సరములకు పూర్వము తీసిన చిత్రము ఈ రెంటిని తలచుకొని విడిచిపెట్టెనని ముందే చెప్పితిమి. క్రొత్త చిత్రము ఆ ప్రశ్ననే యడుగలేదు. దీపములు ఆరిపోయినవి, గోళము పైకి పోయినది, కథ ముగిసినది. ఆ దినము మొదలు మనుష్యులు ఎట్లు బ్రదుకవలెనో చెప్పువాడు లేడు, వినువాడు లేడు.

కాలము మాఱినది, ఉపన్యాసములను ఇప్పటివారు సహింపరు, అందుచేత చివరి సందేశమును తీసివేసిరని కొందఱు సమర్థింపవచ్చును. ఇది బలమైన సమర్థనమే. పాత చిత్రము చివర ఉపన్యాసముగా మాఱుట నిజము. కాని ఉపన్యాసము విసుగు పుట్టించినచో దానిని కథలో కరగించి చెప్పవలెను గాని, చెప్పవలసినదానినే త్రోసివేయరాదు. కథాంశము కాలానుగుణమైనంతమాత్రమున చాలదు. భూమిని కాపాడుట యను కార్యము అణుయుద్ధమును ఆపుటకంటెను ఎక్కువగా మాటను, బోధను, ఒప్పించుటను కోరునది. ఒక మీటను నొక్కకుండ నిలిచినయెడల యుద్ధము ఆగును. పొగను తగ్గించుటకు కోట్లకొలది ఇండ్లలో కోట్లకొలది మనుష్యులు తమంతట తాము అలవాట్లను మార్చుకొనవలెను. అట్టి విషయమును చేతికి తీసికొని, మనుష్యులకు చెప్పి ప్రయోజనము లేదు, పైవాడెవడో దిగివచ్చి దీపములార్పవలెనని చూపిన చిత్రము, తాను ఎత్తుకొన్న పక్షమునకే ద్రోహము చేసినది. చూచినవాడు ఇంటికి పోయి చేయదగిన పని యేమియు దానిలో లేదు.

ఈ చిత్రము వెలువడిన 2008 డిసెంబరు 12వ తేదీననే దానిని రేడియో తరంగములుగా మార్చి ఫ్లోరిడానుండి ఆల్ఫా సెంటారీ నక్షత్రముల వైపునకు పంపిరి. ఆ తరంగములు అక్కడికి చేరుటకు నాలుగేండ్లకు పైగా పట్టును. కావున అవి చేరి చాలకాలమైనది. అచ్చట వినువారెవరైన నుండిరేని, భూలోకవాసులు తమవద్దకు వచ్చిన దూతచేత ఒక్క మాటయైన చెప్పింపలేకపోయిరని ఆశ్చర్యపడియుందురు. పంపదగినది పాత చిత్రమని మా యభిప్రాయము.

పిల్లలతో గూడి చూచుటకు ఆ పాత చిత్రమునే మేము మా చదువరులకు సూచింతుము. నలుపు తెలుపులలో, గంటన్నరలో ముగియును. చూచిన పిదప, యంత్రపురుషుల చేతికి అధికారమిచ్చుట న్యాయమా యని పిల్లలను అడుగుడు. వారు ఒప్పుకొనకపోయినచో ఇంకను మంచిది. మాటచేత మనుష్యుడు మాఱునను నమ్మకముమీదనే బడులు నడచుచున్నవి, పత్రికలు అచ్చగుచున్నవి, ఇంటిలో పెద్దలు పిన్నలకు మంచి చెప్పుచున్నారు. ఆ నమ్మకమును వదలుకొన్నవానికి మిగులునది దీపమార్పుట యొక్కటియే. రాయబారి ఓడిపోవచ్చును, కృష్ణుని రాయబారమును ఫలింపలేదు. కాని చెప్పి ఓడిపోవుట వేఱు, చెప్పకయే పోవుట వేఱు.